ఒడ్డుకు రానివ్వని పడవ

ఉజోంగ్ బారో అనే జాలరి ఊరి తీరంలో నెత్తళ్లు ఉడికించి ఎండబెట్టే ఆడవాళ్లలో సల్బియాది పెద్ద నోరు. పెద్ద చెయ్యి కూడా. ఊళ్లో పెళ్లయినా చావయినా ఆమె వచ్చాకే గుండిగ పొయ్యెక్కేది. నిరుడు రోహింగ్యాల పడవ మొదటిసారి ఆ ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు ఊరి ప్రార్థనశాల వెనక వాళ్లకు వండిపెట్టిందీ ఆమే.

ఆ వచ్చినవాళ్లలో నూర్ కలిమా అనే పిల్ల ఆమె వెన్నంటే తిరిగింది. సల్బియాకు పిల్లలు లేరు. తన మంచి బట్టలు ఆ పిల్లకు కుదించి తొడిగింది. వాళ్లను పట్నంలోని శిబిరానికి తరలించాక కూడా వేపుడు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కి వెళ్లేది. ఒకసారి వెళ్లేసరికి పిల్ల లేదు. కంచె దాటి, ఎవరి వెంటో మలేసియాకు వెళ్లిపోయిందన్నారు. పోతూ పోతూ ఒక్క మాట చెప్పలేదు.

ఆనాటి నుంచి పక్కింటి నిలావతికి అదొక ఆట అయింది. "ఏం వదినా, నీ కూతురి దగ్గర్నుంచి కబురేమైనా వచ్చిందా?" అనేది. సల్బియా నవ్వేసేది. ఇంట్లోకొచ్చాక మాత్రం గిన్నెలు గట్టిగా చప్పుడయ్యేవి.

అందుకే ఈ ఏడు వానల ముందర ఇంకో పడవ కనబడిందని కేకలు వినిపించినప్పుడు ఆమె గడప దాటలేదు. ఊరు కూడా నిరుటి ఊరు కాదు. వీళ్లొస్తే మన చోటు లాక్కుంటారని, మన తిండి తిని మన మీదే తిరగబడతారని ఫోన్లలో ఏవేవో తిరుగుతున్నాయి. కుర్రకారు ఒడ్డున అడ్డంగా నిలబడ్డారు. బియ్యం, నీళ్లు, డీజిలు పడవలోకి అందించారు. ఇంజను బాగుచేసిచ్చారు. ఆపైన అందరూ భుజాలు ఆనించి పడవను మళ్లీ లోతుకు నెట్టేశారు.

"పెట్టే పంపాంగా, ఉత్త చేతులతో పంపలేదు," అంది నిలావతి గుమ్మంలో నిలబడి.

"నేనేమన్నా అడిగానా?" అంది సల్బియా.

అడగలేదు గానీ కాలు నిలవలేదు. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. చాపల మీద చేపలు తిరగేసి, ఇంకా ఒకవైపైనా ఎండకముందే మళ్లీ తిరగేసింది. ఇసుక దిబ్బ దాకా నడిచి వెనక్కొచ్చింది. పడవ ఎటూ పోలేదు. దూరాన, నీళ్ల అంచున నల్లగా కదలకుండా ఉంది.

ఆమె భర్త బుస్తమాం ఒక వేట పడవకు సరంగు. మర్నాడు వేట నుంచి వచ్చి, వలలు దించకుండానే ఇంటికొచ్చి కూర్చున్నాడు. తాగునీళ్ల పీపా ఖాళీ. అతని పడవలోని మనుషులందరి అన్నం మూటలూ ఖాళీ.

"అంత ఆకలేసిందా మీకు?" అంది సల్బియా.

అతను తల ఎత్తలేదు. "వాళ్ల ఇంజను మళ్లీ ఆగిపోయింది. అడుగున నీళ్లూరుతున్నాయి. డబ్బాలతో తోడుతున్నారు. ఆడవాళ్లే ఎక్కువ తోడుతున్నారు."

"మరి తాడు వేసి లాక్కు రాలేకపోయావా?"

"ఊరు వద్దంది. నేనొక్కణ్ణే ఎట్లా?"

"సముద్రంలో ఆపదలో ఉన్నవాణ్ణి సరంగు వదిలి రాకూడదని మీ నాన్న మాటగా ఎప్పుడూ చెబుతూనే ఉంటావు."

"నిన్న నువ్వు గడప దాటావా?" అన్నాడు బుస్తమాం. గొంతు పెంచలేదు.

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. తర్వాత లేచి తలగుడ్డ బిగించుకుంది. "సరే, పద. నువ్వు నీళ్ల మీదికి పో. ఒడ్డు సంగతి నేను చూస్తాను."

బుస్తమాం మరో ఇద్దరు సరంగులను బతిమాలి వెంట తీసుకెళ్లాడు. మధ్యాహ్నానికి గాలి ముదిరింది. అలల మధ్య రెండు పడవలు ఒకదాన్ని లాక్కొస్తుంటే, ఒడ్డున కుర్రాళ్లు మళ్లీ గుమిగూడారు. ఊరిపెద్ద తుంకు రజాలి వాళ్ల ముందు నిలబడి ఎటూ తేల్చుకోలేక మెడ రుద్దుకుంటున్నాడు.

"అత్తా, నువ్వు పక్కకు తప్పుకో," అన్నాడొక కుర్రాడు. "నిరుడు నీకు జరిగింది చాల్లేదా? ఈసారి వీళ్లూ పారిపోతారు."

"పారిపోతే పోనీరా. నేను పెట్టేది అన్నం. పలుపుతాడు కాదు."

ఎవరో నవ్వారు. సల్బియా నవ్వలేదు. ఊరిపెద్ద వైపు తిరిగింది. "అన్నా, రేపు వీళ్ల శవాలు మన వలల్లో పడితే ఏం చేద్దాం? అది కూడా ఇప్పుడే చెప్పు. స్నానం చేయించి గుడ్డలు కట్టాల్సింది మేమే."

రజాలి మెడ మీంచి చెయ్యి తీశాడు. "ప్రార్థనశాలలో వద్దు," అన్నాడు చివరికి. "చేపల షెడ్డులో ఉండనీండి. శిబిరానికి తీసుకెళ్లే లారీలు వచ్చేదాకానే."

కొందరు ఉమ్మేసి వెళ్లిపోయారు. కొందరు అక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డారు. సల్బియా నడుము లోతు నీళ్లలోకి దిగింది. మొదట దిగిన ముసలామె కాళ్లు మడతపడి ఆమె మీదే వాలిపోయింది. పసిపిల్లంత బరువు కూడా లేదు.

సల్బియా షెడ్డులో పొయ్యి పెట్టింది. ఈసారి ఎవరి పేరూ అడగలేదు. ఎవరి తలా నిమరలేదు. వడ్డించి పక్కకు జరిగేది. నిలావతి వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"పచ్చి నీళ్లు పోస్తున్నావేంటి, కడుపులు పోతాయి వాళ్లకి."

"అయితే మరగబెట్టి పట్టుకురా."

"నాకేం పని," అంది నిలావతి. కాసేపటికి మసిబారిన పెద్ద కెటిల్ గుమ్మంలో పెట్టి, లోపలికి చూడకుండా వెళ్లిపోయింది.

లారీలు వచ్చిన పొద్దున ఆ ముసలామె సైగలతో చీపురు అడిగింది. అందరూ ఎక్కుతుంటే ఆమె వంగి షెడ్డు మూలల్నించి మెతుకులు, పొలుసులు ఊడుస్తోంది. పోలీసులు తొందరపెట్టినా ఆగలేదు. సల్బియా దగ్గరికెళ్లి చీపురు లాక్కోబోయింది. ఆమె ఇవ్వలేదు. "నీ పేరేంటమ్మా?" అని సల్బియా నోట్లోంచి వచ్చేసింది. ముసలామెకు మాట అర్థం కాలేదు. చెత్తను ఒక పక్కకు కుప్పచేసి, చీపురు గోడకు ఆనించి లారీ ఎక్కింది.

కాఫీ కొట్టులో బుస్తమాం పక్కన ఇప్పటికీ కొందరు కూర్చోరు. సల్బియా దగ్గర చేపలు కొనడం మానేసినవాళ్లు ఉన్నారు. అదేం ఆమెను పెద్దగా బాధించదు. గాలి ముదిరిన రోజున మాత్రం చేతిలో పని వదిలేసి దిబ్బ దాకా వెళ్తుంది. నీళ్ల అంచున ఏమీ లేకపోయినా వెంటనే తిరిగి రాదు.