గుగ్గిలం పూసిన మూత

నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారి లంకకు స్కూటర్ రోడ్డు మీద రాలేదు, నీళ్ల మీద వచ్చింది. రెండు తాటి దోనెలను పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, వాటి మీద నిలబెట్టి తెచ్చారు. కొల్లేటి మధ్యలో ఉన్న ఊరు కదా, వానాకాలం వస్తే చుట్టూ నీళ్లే. ఇప్పుడు ఏలూరులో మా వీధిలో ఇంటికో బండి ఉంది. కొల్లేటిని ఆక్రమించి మా లంక చుట్టూ తవ్విన చేపల చెరువుల గట్లు కొన్ని పగలగొట్టడం కూడా ఈమధ్యే చూశాను. ఆ రోజుల్లో మాత్రం మా లంకలో బండి చక్రమే ఎరగని పిల్లలు ఉండేవారు.

బండి మా మామయ్యది. ఆయన ఏలూరులో ఒక ఆసుపత్రిలో కాంపౌండరు. తన దేశం వెళ్లిపోతూ ఒక మిషనరీ డాక్టరమ్మ ఆయనకు ఇచ్చిపోయిన పాత స్కూటర్ అది. నాన్న ఉద్యోగం దూరంలో కాబట్టి అమ్మ పురిటికి పుట్టింటికి వచ్చింది. నేనూ, రెండో ఏడు నడుస్తున్న తమ్ముడూ అమ్మతోనే ఉన్నాం. చెల్లి పుట్టిందని తెలిసి మామయ్య చూడ్డానికి వచ్చారు.

ఆ రాత్రి నుంచే తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లారేసరికి వాడి కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గాని కన్నీళ్లు రావడం లేదు. మామయ్య వాడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలారు. పైకి లేచిన చర్మం అలాగే నిలిచిపోయింది. ఆయన ఇంకేమీ చూడలేదు. వెంటనే ఏలూరు తీసుకెళ్లి సెలైన్ ఎక్కించకపోతే లాభం లేదన్నారు. అమ్మ పచ్చి బాలింత, లేవలేదు. అమ్మమ్మ ఆమెను వదిలి రాలేదు. పిల్లాడికి జబ్బు చేయకముందే తాతయ్య దోనెల పని మీద పొరుగు లంకకు వెళ్లిపోయారు. బండి మీద పిల్లాణ్ణి పట్టుకుని కూర్చోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. అమ్మ తన పాత చీరతో వాణ్ణి నా రొమ్ముకు గట్టిగా కట్టించింది. ముడి జారకుండా అమ్మమ్మ ఒక పిన్నీసు గుచ్చి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది.

దోనె దాటించిన మనిషి మమ్మల్నీ బండినీ గట్టు మీద దింపి, పడమటి ఆకాశం వంక చూశాడు.

“ఏవండీ కాంపౌండరు గారూ, పైన తమ్మిలేరు పొంగిందంటండి. మధ్యాహ్నానికి ఈ గట్టు ఉంటదో లేదో. ఎక్కడా ఆగకండి.”

గాలి లేదు, వాన లేదు. మబ్బు మాత్రం నెత్తి మీదికి దిగి ఉంది. రోజూ గోల చేసే పక్షులు ఒక్కటీ కనిపించలేదు. గట్టు పక్కన మునిగిన తుమ్మచెట్ల కొమ్మలకు ఏవో తీగలు వేలాడుతున్నాయనుకున్నాను. దగ్గరికి వచ్చాక వాటిలో ఒకటి కదిలింది. నీళ్లకు జడిసి చెట్టెక్కిన పాములవి. కళ్లు మూసుకుని తమ్ముడి తల మీద గడ్డం ఆనించుకున్నాను.

కొంత దూరం బండి బాగానే పోయింది. ఆ తర్వాత ఇంజను గొంతు మారింది, ఏదో కణకణ మోగింది, బండి ఆగిపోయింది. మామయ్య బండిని అటూ ఇటూ ఊపి చెవి పెట్టారు. లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వినబడింది. కాసేపు ఆగి కిక్కు కొడితే మళ్లీ కదిలింది. ఇంకొంత దూరం పోయి మళ్లీ ఆగింది.

గేదెలను మెరక మీదికి తోలుకుపోతున్న ఒకాయన మమ్మల్ని దాటుతూ నవ్వాడు. “దొరల గుర్రం మొరాయించిందేటండీ? మా గేదెనిమ్మంటారా, దర్జాగా పోదురుగాని!” అంటూనే నా ఒళ్లోని తమ్ముణ్ణి చూశాడు. నవ్వు ఆగిపోయింది. “ఎనకమాల నీళ్లు గట్టెక్కేశాయండి” అని మాత్రం చెప్పి, గేదెలను అదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మామయ్య ఓదార్చలేదు. నాకు పని అప్పజెప్పారు. ఆ బండికి ఇంజను వెనక, కుడివైపు రేకు కింద ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్లకే దాని చప్పుడు బాగా తెలుస్తుంది.

“ఏడిస్తే నీకు వినబడదు అమ్మాయ్. ఆగేముందు అది ఎలా మోగుతోందో నాకు చెప్పాలి. దీపం ఊదినట్టు ఒక్కసారే ఆరిపోతోందా, నీరసించి ఆగుతోందా? ఆ కణకణ రాగానే నా వీపు మీద చరుచు. చప్పున ఆపేస్తాను.”

ఎందుకు ఆపేయాలో కూడా చెప్పారు. ఆ ఇంజనుకు నూనె పెట్రోలులోనే కలిసి వెళుతుందట. పెట్రోలు అందకపోతే నూనె కూడా అందదు. లోపల ఇనుము ఇనుమును పట్టేసిందంటే మరి బండి కదలదు. అప్పుడు ఆ గట్టు మీద మేం ముగ్గురం, ఎక్కివస్తున్న నీళ్లు.

మళ్లీ బయలుదేరాం. ఈసారి తుమ్మచెట్ల వంక చూడలేదు. ఒళ్లంతా చెవి చేసుకుని కూర్చున్నాను. ముందు నిండుగా దడదడ. తర్వాత ఆ దడదడ పలచబడింది. ఆపైన మంగలంలో పేలాలు వేగుతున్నట్టు చిటపట, దాని వెనకే కణకణ. మామయ్య వీపు మీద చరిచాను. ఆయన చప్పున ఆపేశారు.

విన్నది విన్నట్టు చెప్పాను. ఆయన ప్లగ్గు విప్పి చూశారు. ఎండిన ఎముకలా తెల్లగా, పొడిగా ఉంది. అంటే నిప్పురవ్వ తప్పు కాదు, పెట్రోలే అందడం లేదు అన్నారు. గొట్టం ఊడదీస్తే రెండు ధారలు కారి, ఆ తర్వాత బొట్లు బొట్లుగా పడి, ఆగిపోయింది. టాంకులో పెట్రోలు ఉంది, గొట్టంలో మట్టి లేదు. ఆయన గొట్టం చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. తమ్ముడు మూలగడం కూడా మానేశాడు. నా మెడకు తగిలే వాడి ఊపిరి కోసం నేను వెతుక్కుంటున్నాను.

అప్పుడు మామయ్య నన్ను ఒకటే అడిగారు. “నిన్న నేను వచ్చేటప్పుడు బండి బాగానే ఉంది. అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? గుర్తు చేసుకో.”

నాకు తాతయ్య గుర్తొచ్చారు. లంకలో దోనెల పగుళ్లకు గుగ్గిలం కూరడంలో ఆయన తర్వాతే ఎవరైనా. గుగ్గిలం కరిగించి, నూనె కలిపి, నీరు చొరబడే కంత ఎంత సన్ననిదైనా మూసేస్తారు. ముందురోజు సాయంత్రం మామయ్య అమ్మ దగ్గర కూర్చున్నప్పుడు, తాతయ్య స్కూటర్ సీటు ఎత్తి, పుల్లతో ఏదో పూయడం చూశాను. తిరుగు ప్రయాణంలో అలలు చిమ్మితే కొడుకు బండిలోకి కొల్లేటి నీళ్లు పోతాయని ఆయన బెంగ.

మామయ్య సీటు ఎత్తారు. పెట్రోలు మూత మీద గుగ్గిలం నున్నగా మెరుస్తోంది. గాలి లోపలికి పోవడానికి మూత నడుమ ఉండే సన్నని కంత కనబడకుండా పోయింది. అంచులు గీకి మూత తిప్పగానే ఉస్స్‌మని టాంకు గాలిని లోపలికి పీల్చుకుంది. కింద గొట్టంలోంచి పెట్రోలు ధారగా దూకింది. అమ్మమ్మ గుచ్చిన పిన్నీసు నా దగ్గర తీసుకుని, ఆయన ఆ కంతను పొడిచి తెరిచారు.

ఆ తర్వాత బండి ఎక్కడా ఆగలేదు. గట్టు చివర దారి మీదికి నీళ్లు పారుతుంటే మామయ్య కాళ్లు ఎత్తిపెట్టి అందులోంచే పోనిచ్చారు. ఆసుపత్రిలో తమ్ముడికి నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ నరం కూడా దొరికేది కాదని నర్సమ్మ మామయ్యతో మెల్లగా అనడం విన్నాను. ఆ సాయంత్రం తమ్ముడు ఏడ్చాడు. ఈసారి కన్నీళ్లు వచ్చాయి.

వరద తీశాక మేం బండితో సహా లంకకు వెళ్లాం. తాతయ్యకు మామయ్య ఏం చెబుతారా అని నాకు గుబులుగా ఉంది. ఆయన సంగతి దాచలేదు, కేకలూ వేయలేదు. కొబ్బరికాయకు ఒక్క కన్ను పొడిచి తాతయ్య చేతిలో పెట్టి, నీళ్లు వంచమన్నారు. తాతయ్య కాయను తలకిందులు చేశారు. బొట్టు బొట్టుగా కారి ఆగిపోయింది. రెండో కన్ను ఆయన చేతనే పొడిపించారు. నీళ్లు ధారగా పడ్డాయి. అప్పుడు స్కూటర్ సంగతి చెప్పారు. తాతయ్య చేతిలోని కాయను కింద పెట్టేశారు.

“అయితే మనవణ్ణి నా చేతులారా...” అన్నారు.

“గాలి సంగతి మీకు తెలీదు నాన్నగారూ. ఇప్పుడు తెలిసింది. ఆ మిగతా గుగ్గిలం మీరే గీకెయ్యండి. నా చెయ్యి అంత నీటుగా తిరగదు” అన్నారు మామయ్య.

తాతయ్య బండి పక్కన గొంతుక్కూర్చుని, పొద్దువాలేదాకా ఆ మూతను గోటితో శుభ్రం చేస్తూనే ఉన్నారు.

నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ, కళ్లు లోపలికి పోయిన పసిపిల్లలను ఎత్తుకొచ్చిన వాళ్లను ముందు అదే అడిగేదాన్ని, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మార్చారమ్మా అని. కోపంగా అడిగితే ఎవరూ చెప్పరు. నెమ్మదిగా అడిగితే ఎక్కువసార్లు ఒకటే జవాబు వచ్చేది. తాగిస్తే విరేచనాలు ఎక్కువవుతాయని భయపడి, నీళ్లు ఆపేశారు. ఆపింది ఎప్పుడూ బిడ్డ మీద ప్రాణం పెట్టుకున్న మనిషే. ఒకసారి కలిదిండి వైపు నుంచి వచ్చిన ఒక నాయనమ్మ, “నేనే ఆపానండి” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు, చెంచా ఆమె చేతికే ఇచ్చి, పిల్లాడి పక్కన కూర్చోబెట్టాను.