నీరటి మామ తిరిగిచ్చిన సంచి

మా నీరటి మామ పోయాడు. మూడు రోజుల జ్వరం తర్వాత జూలూరుపాడు దవాఖానాలో కన్నుమూశాడని అత్త ఫోన్ చేసి చెప్పింది. మర్నాడు పేపర్లో 'పాముల ప్రేమికుడు ఇక లేడు' అని వేశారు. పక్కన ఆయన ఫోటో. ఆ ఫోటో తీసిన రోజు నేనక్కడే ఉన్నాను కనుక ఇది రాస్తున్నాను.

చెరువు తూము తీసి పొలాలకు నీళ్లు వదలడం మామ పని. మిగులు నీళ్లు కట్ట కింది జమ్ము మడుగులో చేరేవి. అది నిండితే తూము మూసెయ్యాలి, లేకుంటే పల్లపు పొలాలు మునుగుతాయి. మడుగు ఎంత నిండిందో మామ దిగి చూసేవాడు కాదు. పొద్దున్నే కట్ట మీద గొంతుక్కూర్చుని, బీడీ ఆర్పేసి, కప్పల అరుపు వినేవాడు. అరుపు మడుగు నడుమ నుంచి వస్తే నీళ్లు తక్కువ, కట్ట దగ్గర వినిపిస్తే నిండినట్టు. బడిలో సైన్సు చెప్పే నేను కొలతకర్ర పాతుదామంటే నవ్వాడు.

"పంతులూ, నీ కట్టెకు నోరుందా?"

తర్వాత ఖమ్మం నుంచి పెద్దమనుషులు దాపురించారు. టౌన్లో ఇళ్లల్లో పట్టిన జెర్రిపోతులూ తాచులూ అన్నీ జీపులో తెచ్చి మా మడుగులో వదిలేవారు. తమ పెరట్లో ఒక్క గంట భరించలేనివి మా ఊరికి కానుక! సంచి విప్పడం, ఫోటో దిగడం, బూట్లకు బురద అంటకముందే జీపెక్కడం. ఇదీ వాళ్ల ప్రకృతి సేవ. చప్పట్లు కొట్టడానికి బడి పిల్లల్ని వరుసగా నిలబెట్టింది నేనే. ఆ వెధవ పనికి నాకు శాలువా కూడా కప్పారు.

మడుగులో నీరుకట్టె పాములు ఎప్పటినుంచో ఉన్నాయి. మామ వాటిని కాలితో పక్కకు జరిపి నడిచేవాడు. నాలుగు పాములకు చాలే మడుగులో సంచులకొద్దీ దింపితే ఏమవుతుంది? ఒక ఏడు జమ్ముకోళ్ల గూళ్లలో గుడ్లు మిగల్లేదు. మరుసటి ఏడు కప్పలు అరవలేదు. మామ కట్ట మీద చెవి ఒగ్గి కూర్చునే ఉన్నాడు, నీళ్లు పల్లపు పొలాల మీదికి ఎగదన్నాయి. వేసిన నాట్లు మునిగాయి. రైతులు ఆయన్నే తిట్టారు. పాములే కప్పల్ని మింగాయని తెలిసిన నేను శాలువా మడిచి పెట్టెలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత జీపు రాగానే మామ ఎదురెళ్లాడు. ఊరివాడి చేత వదిలిద్దామని వాళ్లు సంబరంగా సంచి ఆయన చేతిలో పెట్టారు. ఆయన చేతులు చాచి దాన్ని తిరిగి వాళ్లకే ఇవ్వబోయాడు.

"అయ్యా, పాములు మంచియే. మా మడుగే చిన్నది. ఏడ దొరికినయో ఆడనే ఇడిసిపెట్టుండ్రి."

సరిగ్గా అప్పుడే కెమెరా మెరిసింది. పేపర్లో వేసింది ఆ ఫోటోనే. సంచి మాత్రం వాళ్లు మడుగులోనే విప్పి పోయారు.

మామ పోయిన పదోరోజున ఆ మహానుభావులే అదే ఫోటోతో ఫ్లెక్సీ వేయించి, మామ పేరు మీద పాముల్ని వదులుతామంటూ ఇంకో సంచితో అత్త ఇంటి ముందు దిగారు. నేను వాళ్లకు కుర్చీలు వేస్తున్నాను. అత్త లేచి, ఫ్లెక్సీలో మామ చేతుల మీద వేలు పెట్టింది.

"సక్కగ జూడుండ్రి. గీ సంచి మీకు వాపస్ ఇస్తుండు. అప్పుడు తీస్కోకపోతిరి, ఇప్పుడు తీస్కపోండ్రి."

సంచి జీపెక్కింది. ఆ సాయంత్రం అత్త కత్తెర తీసుకుని ఫ్లెక్సీలోంచి పెద్దమనుషుల్నీ సంచినీ కోసి పారేసింది. మిగిలిన మామను వీధి గోడకు మేకులతో కొట్టింది. ఖాళీ చేతులు రెండూ ముందుకు చాచి నిలబడ్డాడు.

రోజూ నేను బడికి పోయేది ఆ గోడ ముందు నుంచే.