చిన్నపిల్లల ఖాతాలో అమ్మ

వీధిలో ఆడవాళ్లంతా ఆమెను టైలరక్క అనేవారు. మనిషిని చూసి కొలత చెప్పేయగల కన్ను ఆమెది. అలాంటిది, తనకోసం కుట్టుకున్న టాపు ఎడమ చంక కింద పట్టేస్తుంటే ఎక్కడ లెక్క తప్పానా అనుకుంది. సరిచూసుకోబోతే వేలికి గట్టిగా ఏదో తగిలింది.

ఎవరినడగాలో తోచక ఫోన్ తీసి ‘రొమ్ములో గడ్డ’ అని కొట్టింది. పేజీ తెరుచుకోలేదు. ‘ఇది మీ వయసుకు తగినది కాదు’ అని తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

ఆమె భర్తకు వీధి చివర సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. పిల్లల ఫోన్లకు కాపలా సాఫ్ట్‌వేర్ ఎక్కించడంలో దిట్ట. వచ్చిన తల్లిదండ్రులకు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేవాడు. “రెండు వలలండీ. కంపెనీవాళ్లు సైట్లన్నిటినీ రకాలుగా విడదీసి ఉంచుతారు. జూదం, బూతు, కొట్లాటలు. మీరు వద్దన్న రకం గుమ్మంలోనే ఆగిపోతుంది. దాన్ని తప్పించుకుంటే రెండో వల మాటల్ని పట్టుకుంటుంది. ఆ మాట డాక్టర్ రాశాడా, వెధవ రాశాడా దానికక్కర్లేదు. కనబడిందా, మూసేస్తుంది. వెంటనే మీ ఫోన్‌కి కబురొస్తుంది.”

ఇంట్లో కూతురి ఫోన్‌నూ భార్య ఫోన్‌నూ ఒకే చిన్నపిల్లల ఖాతాలో పెట్టాడు. అదేమిటని ఆమె అడిగితే, “దానికీ నీకూ తేడా ఏముందే? బుర్రలు రెండూ ఒకటేగా” అన్నాడు.

ఆ పూట భోజనాల దగ్గర ఆయన ఫోన్ పైకెత్తి గట్టిగా చదివాడు. “పెద్దలకు మాత్రమే. ఆపిన మాట, రొమ్ము.” కూతురి వైపు తిరిగాడు. “చూశావా, మీ అమ్మ ఈ వయసులో ఏం వెతుక్కుంటోందో!”

ఎనిమిదో తరగతి చదివే కూతురు ఫక్కున నవ్వింది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. “నాకు గడ్డ తగిలిందండీ. దాని గురించే చూశాను.”

“మా కొట్టుకి వచ్చే పిల్లలూ ఇంతే. దొరికాక హోంవర్క్ కోసమంటారు. నువ్వు రోగం అంటున్నావు.” అన్నం కలుపుతూనే ఆమె ఫోన్‌కి ఇంటర్నెట్ మొత్తం తీసేశాడు.

ఆ తర్వాత ఆమె నోరెత్తలేదు. మళ్లీ చెబితే మళ్లీ నవ్వుతారు. గడ్డ మాత్రం పెరుగుతూ పోయింది. పైన చర్మం లోపలికి లాక్కుపోయింది. చెయ్యెత్తి కత్తెర అందుకోవాలన్నా ప్రాణం పోయినంత పనయ్యేది.

వానలు తగ్గాక ఒక నర్సు యూనిఫాం బిగుతు చేయించుకోవడానికి వచ్చింది. “అక్కా, ఆ చెయ్యేంటి, అలా ఒంటికి అదిమిపెట్టుకున్నావు?” అంది. తెర చాటుకు తీసుకెళ్లి చూపించింది ఆమె. నర్సు తడిమి చూసింది.

“ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావక్కా?”

“చెప్పానమ్మా. నమ్మలేదు.”

ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక, క్యాన్సర్ ఎముకల్లోకి పాకిందని డాక్టరమ్మ చెప్పింది. ఎప్పుడు గమనించారని అడిగింది. భార్య కంటే ముందు భర్తే అందుకున్నాడు. “మాకు చెప్పనే లేదు మేడం. ఏదీ నోరు విప్పి చెప్పే మనిషి కాదు.”

“చెప్పాను. అన్నం తింటూ నవ్వారు” అంది ఆమె.

బయటికొచ్చాక ఆయన ఆటో ఎక్కకముందే పళ్లు కొరికాడు. “పరాయివాళ్ల ముందు నా పరువు తీస్తావా?”

మందులకు జుట్టంతా ఊడిపోయింది. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేశారు. ఒకనాడు కూతురు మంచం పక్కకొచ్చి కూర్చుంది. “అమ్మా, ఆ రోజు నేను కూడా నవ్వాను.”

ఏం పరవాలేదంటుందని ఎదురు చూసింది పిల్ల.

“నవ్వావు” అంది తల్లి. పిల్ల చెయ్యి పట్టుకుని తన గడ్డ మీద పెట్టుకుంది. “గట్టిగా ఉంది చూడు. నొక్కినా కదలదు. నీ ఒంట్లో ఎప్పుడైనా ఇలాంటిది తగిలితే ఇంట్లో చెప్పకు. తిన్నగా ఆసుపత్రికి పో.”

పిల్ల ఏడుస్తూ చెయ్యి లాక్కోబోయింది. ఆమె వదల్లేదు.

చలికాలం దాటకుండానే ఆమె పోయింది. కుట్టకుండా మిగిలిన గుడ్డల్ని ఎవరివి వాళ్లు వెతుక్కుని పట్టుకుపోయారు. కొట్టు తెరిచాక పలకరించడానికి వచ్చినవాళ్లతో భర్త కళ్లు తుడుచుకుంటూ చెప్పేవాడు, “ఆఖరిదాకా దాచిపెట్టిందండీ, పిచ్చిది.” వాళ్లూ అయ్యో పాపం అనేవారు. కొందరు పనిలో పనిగా తమ పిల్లల ఫోన్లు తీసి ఆయన చేతికిచ్చేవారు.