వచ్చిన లెక్కను తప్పు చేసిన రోజులు

ఉప్పల్ రింగ్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు ఇంకా లేని ఆ రోజుల్లో, నాకున్న తెలివితేటలు దాచుకోవడమే నాకు పెద్ద పని. (దాచుకునేంత ఉండేవా అని మా ఆయన అడుగుతారు. ఆయన మాటకేం లెండి.) నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కాకినాడ వైపు నుంచి నాచారం వచ్చాం. నాది పదో తరగతి. నేను నోరు విప్పితే చాలు, నా యాసకు బడిలో అందరూ నవ్వేవాళ్లు. నవ్వకుండా మాట్లాడింది ఒక్కతే, చిల్కానగర్ ట్యూషన్‌లో నా పక్కన కూర్చునే అమ్మాయి. ఆమె సంచిలో ఎప్పుడూ ఉప్పూకారం పొట్లంతో సహా ఒక జామకాయ ఉండేది కాబట్టి జామకాయ అనే పిలిచేదాన్ని. ఆమెతో కలిసి ఇంటికి నడిచే ఆ అరగంట కోసమే నేను రోజంతా ఎదురుచూసేదాన్ని.

దానికి వర్గమూలాల పాఠం అడ్డుపడింది. మా ట్యూషన్ మేడం పద్ధతి ఏమిటంటే, చివర్లో బోర్డు మీద ఒక లెక్క వేస్తుంది, ఎవరిది ఒప్పయితే వాళ్లు ఇంటికి పోవచ్చు. √(18x³) ను సూక్ష్మీకరించమంటే నాకు రెండు నిమిషాలు, జామకాయకు అరగంట. బయట ఆగుదామంటే, "అయిపోయినోళ్లు పోండ్రి, గేటుకాడ ముచ్చట్లొద్దు" అని తరిమేది. దాంతో నేను తప్పులు చేయడం మొదలుపెట్టాను. తొమ్మిదిని మూడు చేయకుండా తొమ్మిదిగానే రూటు బయటకు లాగేదాన్ని. ఇంకోరోజు x లన్నిటినీ బయటపడేసేదాన్ని. తప్పు నమ్మేలా ఉండాలి కదా, అందుకని ముందు చివరి పేజీలో ఒప్పు చేసుకుని, దాన్ని చూసి జాగ్రత్తగా చెడగొట్టేదాన్ని. జామకాయ నోట్‌బుక్‌లో టిక్కు పడగానే నాకూ లెక్క వచ్చేసేది.

పదిరోజులు హాయిగా గడిచాయి. పదకొండో రోజు మేడం నా పుస్తకం మూసేసి, "నీకు రూట్లు జర గూడ సమజైతలేవు. రేపటి సంది పొద్దుగాల బ్యాచ్‌కి రా" అంది. పొద్దుటి బ్యాచ్ అంటే వెనకబడ్డవాళ్లది. ఇక జామకాయతో నడక లేనట్టే. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోగా జామకాయ లేచి నిలబడింది.

"మేడం, దీనికి నేను నేర్పిస్త. ఒక్క దినం టైమియ్యుండ్రి."

మెట్ల మీద కూర్చోబెట్టి మొదలుపెట్టింది. "సూడవే, పద్దెనిమిదంటే మూడు, మూడు, రెండు. మూళ్లు జతున్నయి గదా, జతకు ఒకటి బయటికొస్తది. ఎక్స్‌లు మూడున్నయి, జతకొకటి బయటికి, మిగిలింది లోపలనే. ఏమొచ్చింది?" ఏం వస్తుంది, 3x√(2x). అయినా నేను తెల్లమొహం వేశాను. "ఫికర్ జెయ్యకు, నాకు గూడ నిన్నటిదాంక రాలే" అని మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఒకరికి పాఠం చెప్పడం ఆమెకదే మొదటిసారి. ఆ ముఖంలో వెలుగు చూశాక నిజం చెప్పడానికి నాకు మనసు రాలేదు. మూడోసారికి "అర్థమైంది" అన్నాను.

మర్నాడు రెండు నిమిషాల లెక్కను పావుగంట చేసి ఒప్పు చూపించాను. మేడం జామకాయ వీపు తట్టింది. "మంచిగ నేర్పినవ్. ఇంక మీరిద్దరు కలిసే జేసుకోండ్రి, కలిసే పోండ్రి." ఆ ఏడాదంతా కలిసే నడిచాం.

పరీక్షలయ్యాక వాళ్లు బోడుప్పల్‌కు మారిపోయారు. మా ఇద్దరిళ్లలోనూ ఫోను లేదు. మళ్లీ కనిపించలేదు. ఇప్పుడు నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి బతుకుతున్నాను. ఆమె మాత్రం ఎక్కడో తన పిల్లలతో, "మా ట్యూషన్ల ఒక మొద్దు ఉండె, దానికి రూట్లు నేనే నేర్పిన" అని చెబుతూ ఉంటుంది. చెప్పుకోనీ. ఒక్కసారి కనిపిస్తే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. కనిపిస్తే నిజం చెబుతానా అంటే, చెప్పను. సంచిలోంచి కాగితం తీసి, ఈ రూట్లు మళ్లీ మర్చిపోయానే, ఇంకోసారి చెప్పవూ అంటాను.