ఆమెన్ అంటే ఒప్పుకోలు కాదు

అమెరికా దక్షిణాదిన సవన్నా నగరంలో నల్లజాతివారి తిర్సా చర్చి కింది హాలును దాని సొంత జనం చేతనే పక్కనున్న హోటల్‌వారికి ఇప్పించారు. తాము ఇస్తున్నామన్న సంగతి ఆ జనానికి తెలియదు. ఇది అన్యాయం. దీన్ని మొదట పసిగట్టిన మనిషి ఒడెస్సా ప్రిల్లర్మన్.

ఒడెస్సా బడి వంటగదిలో పనిచేసి రిటైరైన వితంతువు. ఆదివారాల్లో చర్చి గుమ్మం దగ్గర అషర్‌గా నిలబడుతుంది. తెల్ల గౌను, తెల్ల చేతితొడుగులు వేసుకుని, వచ్చినవారిని సైగలతోనే వరుసల్లో కూర్చోబెడుతుంది. విధిలో ఉన్న అషర్ నోరు విప్పకూడదు. అందరూ పలికే ఆమెన్ సైతం పలకకూడదు. అందుకేనేమో, ఆమె కళ్లకు తీరిక ఎక్కువ.

ఆ హాలు గోడల్ని ఆమె ముత్తాతల తరం లేపింది. బానిసత్వపు రోజుల్లో, యజమానుల పని ముగించుకుని వచ్చి, నది ఒడ్డున తామే కాల్చిన ఇటుకలతో కట్టుకున్నారు. అక్కడే దొంగచాటుగా అక్షరాలు దిద్దుకున్నారు. పందొమ్మిదివందల అరవైల్లో ఓటు నమోదుకు బయలుదేరినవారు ముందు అక్కడే కూడారు. ఇప్పటికీ పేటలో ఎవరు పోయినా, సమాధి దగ్గరి నుంచి తిరిగివచ్చినవారు టమాటాలతో వండిన ఎర్రన్నం, వేయించిన చేప తినేది అక్కడే. నా అన్నవారు లేని శవానికి కూడా ఆ హాలు బంధువుల్ని సమకూర్చేది. ఒడెస్సా తన భర్త పోయిననాడు అక్కడే ముద్ద మింగింది. తన వంతు వచ్చినప్పుడూ అక్కడే వండాలని చెప్పి ఉంచింది.

ఒకనాడు ఆమె కూరగాయలు దించడానికి వెళితే, అపరిచితులిద్దరు టేపుతో హాలు కొలుస్తున్నారు. చర్చి ఆస్తులు చూసే ట్రస్టీల పెద్ద, డీకన్ లూషస్ బ్రాంట్లీ, గొట్టాల మరమ్మతు అన్నాడు. గొట్టాలు బాగుచేసేవాళ్లు కిటికీలు ఎందుకు కొలుస్తారో ఆమెకు అంతుపట్టలేదు. ఆ వారమే తలుపు తాళం మారింది, ఏళ్లుగా ఒడెస్సా దగ్గరున్న తాళంచెవి ఇక పట్టలేదు. ఈ మాట చెప్పగా, ఆ హాలులో ఆమెతో పాతికేళ్లుగా వంట చేస్తున్న హాటీ నవ్వింది.

"నీకు అందరూ దొంగలే అక్కా. గబ్రియేలు దూతే దిగివచ్చినా, ముందు రెక్కలు విప్పి చూపించమంటావు."

"చూపిస్తే తప్పేముందే? నిజమైన రెక్కలైతే ఊడిపోవుగా."

ఆదివారం వచ్చింది. ప్రసంగం ముగిసినా ఆర్గన్ వాయిద్యం ఆగలేదు. సభ ఇంకా ఆవేశంలో ఊగుతుండగానే లూషస్ మైకు అందుకుని, పాస్టరు బాణీలోనే రాగం తీశాడు. దేవుడు మన పితరుల్ని నడిపించాడా అన్నాడు. ఆమెన్ అన్నారు. మనల్నీ నడిపిస్తాడా అన్నాడు. ఆమెన్. మరి కింది హాలు విషయంలో మీ ట్రస్టీల్ని నమ్ముతారా అన్నాడు. పుట్టినప్పటినుంచీ రాగానికి బదులిచ్చే అలవాటున్న జనం అదే ఊపులో ఆమెన్ అన్నారు. హాటీ అందరికంటే గట్టిగా అంది. ఒడెస్సా గుమ్మం దగ్గర పెదవులు బిగించి నిలబడింది.

మర్నాటికి తలుపు మీద ప్రకటన వెలిసింది. సభ ఏకగ్రీవంగా ఆమోదించినందున హాలును హోటల్‌వారికి దీర్ఘకాలపు లీజుకు ఇస్తున్నామని. ఆమె తిన్నగా లూషస్ గదికి వెళ్లింది.

"నువ్వూ అక్కడే ఉన్నావు కదా సిస్టర్. ఒక్కళ్లన్నా కాదన్నారా?"

"అనలేదు డీకన్ గారూ. మనవాళ్లు పాస్టరు తుమ్మినా ఆమెన్ అంటారు. ఆ సంగతి తెలిసే కదా మీరు ఆ రాగం అందుకున్నది?"

"అనుమానం మంచిది కాదమ్మా. పైకప్పు కారుతోంది. ఏదో ఒకటి ఇవ్వక తప్పదు."

"అయితే అదే మామూలు గొంతుతో చెప్పి అడగాల్సింది. ఆస్తి మాటొస్తే ట్రస్టీగా మీ నాన్న హయాంలో ఆర్గన్ ఆపించి, ఒప్పుకున్నవారిని లేచి నిలబడమనేవారు. మీకెందుకు భయం వేసింది?"

ఆయన గడియారం చూసుకున్నాడు. పైకప్పు నిజంగానే కారుతుండవచ్చు. అయినా ఆ నిజాన్ని పాటలో ముంచి ఎందుకు చెప్పవలసి వచ్చిందన్న ప్రశ్న ఆమెను వదలలేదు.

మరుసటి ఆదివారం ఆమె చేతితొడుగులు తీసి బల్ల మీద పెట్టి, మొదటి వరుసలో కూర్చుంది. ప్రకటనల వేళ లేచి, "నేను ఒప్పుకోలేదు" అంది. వెంటనే మోగిన ఆర్గన్ ఆమె గొంతును మింగేసింది. పక్కన హాటీ కూడా లేచి నిలబడింది. ఈసారి నవ్వలేదు.

తిర్సా చర్చి ట్రస్టీలారా, ఆ లీజును నిలిపివేయండి. సభను మళ్లీ పిలవండి. వాయిద్యం ఆపించి, హాలును ఎవరికి, ఎన్నాళ్లకు, ఏ షరతుల మీద ఇస్తున్నారో పొడి మాటల్లో చెప్పండి. ఆ తర్వాత ఇష్టమైనవారిని లేచి నిలబడమనండి. అంతవరకూ హాలు తాళంచెవి ఒడెస్సా ప్రిల్లర్మన్‌కు తిరిగి ఇవ్వండి.