గంటావిడ

భాషలు నేర్పే పంతుళ్ళు దేశదేశాల నుంచి దిగిన సదస్సులో టైము దాటినవాళ్ళకు గంట కొట్టడం గంటావిడ పని. కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చి, గంటను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, దాని నాలుకను బొటనవేలితో నొక్కిపట్టి కూర్చుంటుంది. “ఇవాళ కూడా భోజనాలు ఆలస్యమైతే ఆ గంట ఇంకొకరికిచ్చేస్తానమ్మా” అని కార్యదర్శి పొద్దున్నే హెచ్చరించాడు. అలాంటి రోజునే ఒక పెద్దాయన, పంతులు తక్కువ మాట్లాడాలన్న విషయం మీద ఇరవై నిమిషాలిస్తే యాభై నిమిషాలు దంచాడు. ఆవిడ మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ ఆయన చిరునవ్వుతో దండం పెట్టి మళ్ళీ అందుకున్నాడు. “కొట్టేకొద్దీ ఊపొస్తోంది ఈయనకి!” అని గొణిగి, ఆవిడ విసవిసా వెళ్ళి భోజనాల గది గుమ్మంలో నిలబడి గణగణలాడించింది. హాలు హాలంతా లేచొచ్చింది. వరసలో అందరికన్నా ముందు పళ్ళెంతో నిలబడ్డది ఆ పెద్దాయనే.

“ఇంతసేపూ ఏం చేస్తున్నావు తల్లీ? కాస్త ముందే కొట్టొద్దూ!”