ఒక గుండీ తక్కువ

చెప్పిన రోజుకే బట్టలు కుట్టి ఇచ్చే దర్జీ అక్క, ఒంటరి మగవాళ్ల చొక్కాలకు మాత్రం కావాలనే ఒక గుండీ తక్కువ కుడుతుంది. "రేపొచ్చెయ్ అన్నయ్యా, కుట్టేస్తా" అంటుంది, పంటితో దారం తెంపుతూ. రేపు కూడా ఆ మనిషి ముఖం చూడాలని ఆమె తాపత్రయం. భార్య పోయి ఒంటరిగా మిగిలిన మగవాళ్లు ప్రాణం తీసుకోవడం దేశంలో పెరుగుతోందని వీధి సభలో డాక్టరు చెప్పినప్పుడు, "ఆ లెక్కలోకి మా వీధివాళ్లను రానివ్వను" అని లేచి నిలబడిందామె.

నిన్న, భార్య పోయి ఒంటరిగా ఉంటున్న, తాళాలు బాగుచేసే పెద్దాయన తన మంచి కోటు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఎవరికైనా ఇచ్చెయ్ చెల్లెమ్మా. నాకింక అక్కర్లేదు." ఆమె మిషను ఆపేసింది. "చచ్చిపోదామనుకుంటున్నావా?" అని సూటిగా అడిగింది. ఆయన తల వంచుకున్నాడు. "నేను లేకపోతే ఎవరికి లోటు?"

"నాకు లోటు. ఈ వీధిలో నాతో పోట్లాడే మగాడివి నువ్వొక్కడివే!"

నీళ్లు నిండిన కళ్లతోనే ఆయన నవ్వేశాడు. ఆమె కోటు దులిపి ఆయనకే తొడిగి, పట్టపగలే షట్టరు దించేసింది.

"పెళ్లివాళ్ల బట్టలున్నాయిగా, తిడతారు" అని గొణిగాడు.

"తిట్టనీ. తిట్లకు ఒంటికి చిల్లులు పడవు, పడినా కుట్టుకుంటా. కోటూ ఎవరికీ ఇవ్వను, నిన్నూ ఇవ్వను. నడు, డాక్టరు దగ్గరికి."